‘సర్వర్ డౌన్’ అంటే దేవుడి లీల కాదు

‘సర్వర్ డౌన్’ ఇప్పుడు అచ్చ తెలుగు మాట అయిపోయింది. పాస్‌బుక్ కోసం పోయిన రైతుకీ, రేషన్ డిపోలో వేలిముద్ర వేసే ముసలమ్మకీ, ఫలితాల కోసం ఫోన్ పట్టుకు కూర్చున్న పదో తరగతి పిల్లోడికీ దాని అర్థం తెలుసు: ఇయ్యాళ పని కాదు, రేపు రా. వాన పడింది, కరెంటు పోయింది అన్నంత తేలిగ్గా చెప్పేస్తారు. నేననేది ఏంటంటే, వీటిలో చాలా వరకు ముందే కనిపెట్టొచ్చు. కనిపెట్టే సాధనాలు పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి కూడా.

వాటిలో పాతది అపాచీ జేమీటర్. 1998 నుంచీ ఉంది. లోకస్ట్, కే6 తర్వాత వచ్చాయి. అన్నీ ఓపెన్ సోర్సే, అంటే ఎవరైనా దించుకోవచ్చు, వాడుకోవచ్చు, లోపలి కోడ్ చదువుకోవచ్చు. ఇవి చేసే పని ఒక్కటే, ఉత్తుత్తి జనాన్ని పుట్టించి సైటు మీదికి తోలడం. ముందు వంద మంది, తర్వాత వెయ్యి, తర్వాత పది వేలు. ఒక్కొక్కరికీ జవాబు ఎన్ని సెకన్లలో వచ్చింది, నూటికి ఎంతమందికి ఎర్రర్ వచ్చింది, ఏ అంకె దగ్గర సైటు కూలబడింది అన్నది రాసి పెడతాయి. దీన్నే లోడ్ టెస్టింగ్ అంటారు.

మన మంగళగిరి కొండ మీద పానకాలస్వామికి పానకం పోస్తే సగం తాగి సగం బయటికి వదులుతాడని నమ్మకం. మన పోర్టల్స్ కూడా అంతే, సగం మందిని తీసుకుని సగం మందిని బయటికి నెట్టేస్తాయి. కొండ మీద అది మహిమ. పోర్టల్‌లో మాత్రం లెక్క చూసుకోకపోవడం.

లెక్క పెద్ద కష్టమేం కాదు. మన రాష్ట్రంలో పదో తరగతి రాసేది 6 లక్షల పైచిలుకు పిల్లలు. ఫలితాల తేదీ, గంట ప్రకటించేది ప్రభుత్వమే. వాళ్ళలో సగం మంది మొదటి పది నిమిషాల్లో చూస్తారనుకుందాం. అంటే సెకనుకు 500 మంది. పేజీ తెరుచుకోక ఒక్కొక్కరూ మూడేసి సార్లు నొక్కితే అదే 1,500. నొక్కే కొద్దీ బరువు పెరుగుతుంది, బరువు పెరిగే కొద్దీ ఇంకా నొక్కుతారు. ఆ రద్దీ ఎక్కడినుంచో ఊడిపడింది కాదు, మనమే ముహూర్తం పెట్టి పిలిచింది.

ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదులెండి. 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకి 18 ఏళ్ళు దాటినోళ్ళకి కోవిడ్ టీకా నమోదు తెరిచినప్పుడు కోవిన్ తడబడింది, ఓటీపీలు రాక జనం తిప్పలు పడ్డారు. తర్వాత తేరుకుని ఆ ఒక్క రోజే కోటి మందికి పైగా నమోదు చేసుకుంది. అమెరికాలో 2013 అక్టోబరు 1న తెరిచిన ఆరోగ్య బీమా సైటులో మొదటి రోజు బీమా దక్కింది ఆరుగురికి. ఆరు వేలు కాదు, ఆరుగురు. అంతకుముందే పరీక్ష పెడితే కొన్ని వందల మందికే అది కుప్పకూలింది. అయినా తేదీ మార్చలేదు. అసలు పాఠం ఇక్కడుంది. సాధనం ఉంటే చాలదు, ‘ఇది నిలబడదు, ఆపండి’ అన్న ఇంజనీరు మాట వినే పెద్దోళ్ళు ఉండాలి.

2025 జనవరి 30న ‘మన మిత్ర’ వాట్సాప్ పాలన 161 సేవలతో మొదలైంది. మంచి పనే. ఆఫీసు చుట్టూ తిరిగే తిరుగుడు తగ్గుతుంది. కానీ వాట్సాప్ అనేది వీధి గుమ్మం మాత్రమే. వెనకాల పనిచేసేవి ఆయా శాఖల సర్వర్లే. గుమ్మం వెడల్పు చేస్తే లోపలికి వచ్చే జనం పెరుగుతారు, వంటింట్లో పొయ్యి మాత్రం పాతదే. మార్కుల జాబితా చూపించడం తేలిక, ముందే తీసి పెట్టుకుని వడ్డించొచ్చు. రిజిస్ట్రేషన్లు, దరఖాస్తులు, ఫీజులు అట్టా కాదు. అక్కడ ప్రతి నొక్కుడుకీ డేటాబేసులో కొత్తగా రాయాలి. కూలబడేది అక్కడే, అదీ చివరి తేదీ నాడే.

సాధనం ఉచితమే గానీ పరీక్ష పూర్తిగా ఉచితం కాదు, ఆ మాటా ఒప్పుకోవాలి. అసలు సర్వర్ లాంటి నకలు సర్వర్ కావాలి, పని తెలిసిన మనుషులు కావాలి. ఆధార్ ఓటీపీ లాంటి బయటి సేవల మీదికి ఉత్తుత్తి జనాన్ని తోలకూడదు కూడా. ఇంకో మాట, ఉత్సాహం కొద్దీ కుర్రాళ్ళెవరూ సొంతంగా సర్కారు సైటు మీద జేమీటర్ తిప్పొద్దు. అనుమతి లేకుండా చేస్తే అది పరీక్ష కాదు, దాడి. ఐటీ చట్టం 43వ సెక్షన్ ఒప్పుకోదు. అందుకే ఈ పని చేయాల్సింది, చేశామని చూపించాల్సింది ప్రభుత్వమే.

ప్రకాశం బ్యారేజీ తట్టుకునే వరద 11 లక్షల 90 వేల క్యూసెక్కులని లస్కరు నుంచి మంత్రి దాకా అందరికీ తెలుసు. 2024 సెప్టెంబరులో 11 లక్షల 40 వేలు దాటి వచ్చినప్పుడు, ఇంకెంత మిగిలిందో జనం గంట గంటకీ లెక్కేసుకున్నారు. మన పోర్టల్స్‌కి అట్టాంటి అంకె జనం ముందు లేదు. సర్కారు సైటు తెరవాలంటే భద్రతా ఆడిట్ తప్పనిసరి. బరువు పరీక్షకీ అదే నియమం పెట్టాలి.

నేను అడిగేవి మూడే. టెండరులోనే ‘ఒకేసారి ఇంతమంది, ఇన్ని సెకన్లలో జవాబు’ అన్న అంకె రాయాలి. తెరిచే ముందు పరీక్ష ఫలితం అందరూ చూసేట్టు పెట్టాలి. చివరి రోజు సైటు పడిపోతే, ఎవరూ అర్జీ పెట్టుకోకుండానే గడువు దానంతటదే పెరగాలి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకంటే సర్వర్ పడిపోయిన రోజు కాంట్రాక్టరు బిల్లు ఆగదు, ఆఫీసరు జీతం ఆగదు. మగ్గం దిగి సచివాలయానికొచ్చిన నేతన్నకి మాత్రం ఆ రోజు కూలి పోతుంది. ఐటీ, విద్య రెండు శాఖలూ చూసే మంత్రి మన మంగళగిరి ఎమ్మెల్యేనే కదా. ఆ రెండు శాఖల పోర్టల్స్‌తోనే మొదలుపెడితే సరి.