మగ్గం చప్పుడుకూ ఓ వేదిక

'సూరత్‌లో భోజనం, కాశీలో మరణం' అన్నది గుజరాతీ సామెత. తిండికి పేరుపడ్డ ఈ ఊళ్లో వారాంతాన్ని కళకు కేటాయించాలన్నా చోటుకు కొదవ లేదు. బొమ్మలకు సైన్స్ సెంటర్‌లో ఆర్ట్ గ్యాలరీ ఉంది. నాటకాలకు, ఇక్కడే పుట్టిన హిందీ నటుడు సంజీవ్ కుమార్ పేరిట ఆడిటోరియం ఉంది. ప్రశ్నల్లా అక్కడ ఎవరి బతుకు కనిపిస్తుందన్నదే.

ఆధునిక గుజరాతీ నాటకానికి ఆద్యుల్లో ఒకరైన చంద్రవదన్ మెహతా 1901లో సూరత్‌లోనే పుట్టారు. 1930లలోనే ఆయన 'ఆగగాడీ'తో రైల్వే కార్మికుడిని రంగస్థలం ఎక్కించారు. అదే ఊళ్లోని లింబాయత్‌లో, తెలంగాణ నుంచి వలసొచ్చిన పద్మశాలీలు తరాలుగా మరమగ్గాలు నడుపుతున్నారు. 12 గంటల షిఫ్టుల్లో వారికి వారాంతమే అరుదు. ఆ చప్పుడును వేదిక మీదికి తేవడమే అసలైన ప్రయోగం. ప్రదర్శన వేళ మాత్రం షిఫ్టు చూసి పెట్టాలి.