లిపికి తగిన కొలత

వెబ్ పేజీకి రూపురేఖలు దిద్దే భాష సి.ఎస్.ఎస్. అక్షరాల పరిమాణం, రంగు, అంచుల ఎడం వంటి ఒక్కొక్క పనికి ఒక్కొక్క క్లాసును ముందే సమకూర్చి ఉంచేవి ఫంక్షనల్ సి.ఎస్.ఎస్. లైబ్రరీలు. 2017లో వెలువడిన టెయిల్‌విండ్ వీటిలో ప్రసిద్ధమైనది. దీనివల్ల శ్రమ తగ్గుతుందనడంలో సందేహం లేదు. అయితే ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన పని ముగిసిందనుకోవడం పొరపాటు.

టెయిల్‌విండ్‌లో మిక్కిలి పెద్ద శీర్షికలకు పంక్తి ఎత్తును అక్షర పరిమాణంతో సమానంగా నిర్ణయించారు. ఆంగ్లానికి అది చాలవచ్చు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. 'రాష్ట్రం' అనే మాటలో ట వత్తు, ర వత్తు రెండూ కిందికి దిగుతాయి. శీర్షిక రెండు పంక్తులైతే పై పంక్తిలోని వత్తులు కింది పంక్తిలోని గుడులను ఒరుసుకుంటాయి. కొత్తగా చదువు నేర్చినవారికి ఆ శీర్షిక చిక్కుముడి అవుతుంది.

దీనిని సవరించడం కష్టం కాదు. 2025లో వచ్చిన నాలుగవ వెర్షన్‌లో సి.ఎస్.ఎస్. ఫైలులోనే 'థీమ్' అనే భాగం ఉంటుంది. అందులో తెలుగు ఫాంటును పేర్కొని, శీర్షికల పంక్తి ఎత్తును పెంచి ఒక్కసారి రాస్తే, పేజీలన్నీ దానినే అనుసరిస్తాయి.

పరికరాన్ని ఎవరు తయారుచేసినా, కొలత మన లిపికి తగినదై ఉండాలి. తెలుగు చదువరి పట్ల మనం చూపవలసిన కనీస మర్యాద అదే.