ఆయాసం తలరాత కాదు

"గుండెకి మిషను పెట్టించుకున్నాడు, ఇక ఆయన పని అయిపోయినట్టే." సూరత్‌లో మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో ఈ మాట తరచూ వినపడుతుంది. అనేవాళ్ళకి చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు, జాలితోనే అంటారు. కాని ఆ మాట పదిసార్లు విన్న మనిషి నిజంగానే మూల కూర్చుంటాడు. పన్నెండు గంటల షిఫ్టు సాంచెల మధ్య నిలబడి పనిచేసినవాడు, పేస్‌మేకర్ పెట్టాక రెండంతస్తుల మెట్లు ఎక్కలేకపోతే ఇంట్లో ఒకరు తలరాత అంటారు, ఒకరు దిష్టి అంటారు, ఇంకొకరు వయసు అంటారు. "కారణం ఏమిటి?" అని అడిగేవాళ్ళు మాత్రం కనపడరు. ఆ ప్రశ్న అడగాలని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకుందాం. స్టెంటు వేరు, పేస్‌మేకర్ వేరు. స్టెంటు మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం. సూరత్‌లోనే వాటిని తయారుచేసే కంపెనీ ఉంది కాబట్టి ఆ పేరు మనవాళ్ళ నోళ్ళలో బాగా నలిగింది. పేస్‌మేకర్ కరెంటు పనిచేస్తుంది. గుండె కొట్టుకోవడం మరీ నెమ్మదించినప్పుడు, లేదా పై గదుల నుంచి కింది గదులకి వెళ్ళే సంకేతం తెగిపోయినప్పుడు, ఇది చిన్న విద్యుత్ తాకిడి ఇచ్చి గుండెని కొట్టిస్తుంది. అంతకుమించి మహిమ ఏమీ లేదు. రక్తనాళాల్లో అడ్డుని ఇది తొలగించదు, బలహీనపడిన కండరాన్ని మామూలు పేస్‌మేకర్ బాగుచెయ్యదు.

సూరత్ తెలుగువాళ్ళలో పద్మశాలీలు ఎక్కువ. యముడి పాశం తప్పించుకున్న మార్కండేయుణ్ణి వాళ్ళు కులపురుషుడిగా కొలుస్తారు. అది కథ. ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే 43 ఏళ్ళ మనిషికి ప్రపంచంలో మొదటిసారి శరీరం లోపల పేస్‌మేకర్ అమర్చారు. అప్పటికి ఆయన గుండె ఆగి ఆగి రోజుకి ఎన్నోసార్లు స్పృహ తప్పేవాడు. శస్త్రవైద్యుడు ఓకె సెనింగ్, ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ ఇంకా సిద్ధంగా లేమన్నా లార్సన్ భార్య ఒప్పుకోలేదు, పట్టుబట్టి చేయించింది. మొదటి మిషను కొన్ని గంటలే పనిచేసింది. తరవాత ఆయన జీవితకాలంలో మొత్తం 26 మిషన్లు మార్చారు. ఆయన 2001లో, 86వ ఏట పోయాడు, అదీ చర్మ క్యాన్సర్‌తో. 43 ఏళ్ళ అదనపు జీవితం! అది వరంగా రాలేదు. ఒక మిషను ఎందుకు ఆగిందో తెలుసుకుని, తరవాతిదాన్ని మెరుగుపరిచినవాళ్ళ వల్ల వచ్చింది.

మరి అంత మంచి మిషను ఉండగా ఆయాసం ఎందుకు? లెక్క సులభం. విశ్రాంతిలో గుండె ఒక్కో దెబ్బకి సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం పంపుతుంది. నిమిషానికి 70 సార్లు కొడితే దాదాపు 5 లీటర్లు. మెట్లెక్కేటప్పుడు, బరువు మోసేటప్పుడు శరీరం ఇంతకి రెండు మూడు రెట్లు అడుగుతుంది. ఆరోగ్యవంతుడి గుండె వేగం పెంచి ఆ అవసరం తీరుస్తుంది. మీ గుండె వేగం 60 దగ్గరే ఆగిపోతే? కాళ్ళకి రక్తం చాలదు, ఊపిరి అందదు.

దీనికి ఒక విరుగుడు మిషన్‌లోనే ఉంటుంది. రేట్ రెస్పాన్స్ అంటారు. శరీరం కదలికని పసిగట్టి వేగం పెంచే ఏర్పాటు ఇది. కాని దాన్ని ఆన్ చెయ్యాలి, మనిషికి తగ్గట్టు సరిచెయ్యాలి. కదలికనే నమ్ముకున్న మిషను కొన్నిసార్లు తికమకపడుతుంది. మెట్లు ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు కుదుపు ఎక్కువ కాబట్టి, అవసరమైనప్పుడు తక్కువ, అవసరం లేనప్పుడు ఎక్కువ వేగం ఇవ్వచ్చు. ఇక సంకేతం తెగినవాళ్ళ సంగతి వేరు. మిషన్‌లో పెట్టిన గరిష్ఠ వేగం మరీ తక్కువైతే, జోరుగా నడుస్తుండగా గుండె వేగం ఒక్కసారిగా పడిపోయి కాళ్ళు తేలిపోతాయి. ఒకే తీగ ఉన్న చౌక రకంలో పై గదులు, కింది గదులు ఒకదానితో ఒకటి పొందిక లేకుండా కొట్టుకుని నీరసం, తలతిరుగుడు, మెడలో అదురు రావచ్చు. ఏళ్ళ తరబడి కుడి జఠరికని మిషనే కొట్టించడం వల్ల కొందరిలో గుండె బలం తగ్గుతుంది, అది ఎకో పరీక్షలో తెలుస్తుంది. వీటిలో ఒక్కటి కూడా తలరాత కాదు. అన్నీ పరీక్షకి దొరికేవే.

నా సంగతే చెబుతాను. నాకు పేస్‌మేకర్ పెట్టి నాలుగేళ్ళయింది. మొదటి ఆరు నెలలు మూడో అంతస్తులో ఉన్న మా ఇంటికి రెండుచోట్ల ఆగి చేరేవాణ్ణి. ఉత్తరాయణ్ నాడు సూరత్ అంతా డాబాల మీద గాలిపటాలు ఎగరేస్తుంటే నేను కింద కుర్చీలో కూర్చున్నాను. మిషను పెట్టిన ఆసుపత్రిలో (పేరు అనవసరం) రెండుసార్లు చెప్పుకుంటే రెండుసార్లూ "వయసు కదా" అన్నారు. మూడోసారి మిషన్ని కంప్యూటర్‌తో చదివించమని పట్టుబట్టాను. ఆరు నెలల లెక్క తెర మీద కనపడింది. నా గుండె దాదాపు ఎప్పుడూ 60 దాటలేదు. రేట్ రెస్పాన్స్ ఆన్ చేసి, నన్ను వరండాలో నడిపించి, సరిచేశారు. ఇరవై నిమిషాల పని. ఇప్పుడు మూడంతస్తులూ ఆగకుండా ఎక్కుతాను. నా వయసు మాత్రం తగ్గలేదు!

ఇక మందులు. బీటా బ్లాకర్లు (మెటొప్రొలాల్, బిసొప్రొలాల్ వంటివి) గుండె వేగాన్ని తగ్గిస్తాయి. పేస్‌మేకర్ ఉంది కాబట్టి గుండె మరీ నెమ్మదిస్తుందన్న భయం లేకుండా వైద్యులు వీటిని ఇవ్వగలరు, అది మంచిదే. కాని శ్రమకి తగ్గట్టు పెరగాల్సిన వేగాన్ని కూడా అవి అణిచేస్తాయి. రామిప్రిల్, ఎనలాప్రిల్ వల్ల కొందరికి పొడిదగ్గు వస్తుంది. మన దగ్గర దాన్ని కార్ఖానా దుమ్ము ఖాతాలో వేసి నెలల తరబడి దగ్గు మందు తాగుతారు. ఆమ్లోడిపిన్‌తో పాదాలు వాస్తాయి. అమియొడరోన్ థైరాయిడ్‌ని దెబ్బతీసి నీరసం తేవచ్చు.

అయితే హేతువాదులం కాబట్టి రెండోవైపు కూడా చూడాలి. ప్రతి నొప్పికీ మాత్రే కారణమనుకోవడం కూడా ఒక మూఢనమ్మకమే. 2020లో లండన్ ఇంపీరియల్ కాలేజి పరిశోధకులు, దుష్ప్రభావాల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకుని కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో సుమారు 90 శాతం ఉత్తుత్తి మాత్రతో కూడా వచ్చాయి! బాధ అబద్ధం కాదు, దానికి అంటగట్టిన కారణం తప్పు. బీటా బ్లాకర్ల గురించి 2002లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో, ఏడాదిపాటు వాడిన ప్రతి వెయ్యిమందిలో ఆ మందువల్ల అదనంగా నీరసం వచ్చినవాళ్ళు 18 మంది. ఉంది, కాని అందరికీ లేదు. మీరు ఆ పద్దెనిమిది మందిలో ఉన్నారో లేదో పరీక్షించి తేల్చాలి. అందుకని మీ అంతట మీరు మాత్ర ఆపెయ్యకండి. బీటా బ్లాకర్ని ఒక్కసారిగా మానేస్తే గుండెనొప్పి తిరగబెట్టవచ్చు. మోతాదు తగ్గించడం, మందు మార్చడం వైద్యుడి చేత చేయించుకోవాలి.

ఈ సందులోకే దూరతారు తాయెత్తులవాళ్ళు, అయస్కాంతాలవాళ్ళు. "గుండె బలానికి" అయస్కాంత కంకణాలు, పరుపులు గొలుసుకట్టు పద్ధతిలో అమ్ముతున్నారు. పేస్‌మేకర్ మీద అయస్కాంతం పెడితే అది గుండె సొంత కొట్టుకోవడాన్ని గమనించడం మానేసి, ఒకే వేగంతో కొట్టించడం మొదలుపెడుతుంది. వైద్యులు పరీక్షకి దీన్ని కావాలనే చేస్తారు. అమాయకుడు అలాంటి పరుపు మీద బోర్లా పడుకుంటే? తాయెత్తు డబ్బు మాత్రమే పోగొడుతుంది, ఇది ప్రమాదం కూడా తెస్తుంది. మొబైల్ ఫోను చొక్కా జేబులో పెట్టుకోకుండా మిషన్‌కి కనీసం ఆరంగుళాల దూరంలో ఉంచాలి.

మనకి ఇంకో చిక్కు భాష. తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళు ఆయాసాన్ని "దమ్ము" అంటారు. గుజరాతీలో "దమ్" అంటే ఉబ్బసం. డాక్టరు గుండె వదిలి ఊపిరితిత్తుల వెంట పడితే తప్పు ఆయనదీ కాదు, మీదీ కాదు. "శ్వాస్ చఢే ఛే" అనండి. ఇంకా మేలు, అంకెల్లో చెప్పండి. ఎన్ని మెట్లకి ఆగాల్సి వస్తోంది, అప్పుడు నాడి ఎంత ఉంది, మాత్ర వేసుకున్న ఎంతసేపటికి నీరసం వస్తోంది. వారం రోజులు కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. ఆ తరవాత నాలుగు ప్రశ్నలు అడగండి:

1. నా మిషన్‌లో రేట్ రెస్పాన్స్ ఉందా? ఆన్ చేశారా?
2. గరిష్ఠ వేగం ఎంత పెట్టారు?
3. నా మందుల్లో నీరసం తెచ్చేది ఏది? మార్చవచ్చా?
4. ఎకో, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూశారా?

స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కూర్చుని ఉండగానే ఆయాసం వచ్చినా మాత్రం ఈ కాగితాలు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్నిస్తే డాక్టరుకి కోపం వస్తుందని మనవాళ్ళ భయం. బాబాల ముందు నోరు మూసుకోవడం తప్పయితే, తెల్లకోటు ముందు నోరు మూసుకోవడం ఒప్పెలా అవుతుంది? 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో ఈ ఊరి నుంచి లక్షలమంది పారిపోయారు. మరుసటి ఏడాది ఎస్.ఆర్. రావు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చాక చెత్త ఎక్కడ, మురుగు ఎక్కడ అని చూసి శుభ్రం చేయించారు. ఊరి ముఖమే మారింది. ఒక ఊరికి పనికొచ్చిన పద్ధతి ఒక గుండెకి పనికిరాదా? మీ బస్తీలో మిషను పెట్టించుకుని మూల కూర్చున్న పెద్దాయన ఎవరైనా ఉంటే, ఈసారి జాలిపడకండి. ఆ నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసి చేతికివ్వండి. వీలైతే ఆసుపత్రికి తోడు వెళ్ళండి.