పెద్దల ముందు పరీక్ష

చైనాలో ప్రేమించిన మనిషిని ఇంటికి తీసుకెళ్లి అమ్మానాన్నలకు చూపించారంటే పెళ్లిమాట దాదాపు తలపెట్టినట్టే. ఆ వచ్చేది విదేశీయులైతే, అదీ వసంతోత్సవం (చైనా కొత్త సంవత్సరం) సెలవుల్లో అయితే, మేనత్తలూ పినతండ్రులూ అంతా అక్కడే ఉంటారు.

పళ్లూ టీ పొట్లాలూ, జతగా బైజియు అనే సారా సీసాలూ పట్టుకెళ్లాలి. గడియారం మాత్రం ఇవ్వకూడదు, అశుభం. పెద్దలతో గ్లాసు తాకించేటప్పుడు మన గ్లాసు అంచు కాస్త కిందికి ఉండాలి. ఇదంతా ఒక్క సాయంత్రంలో నేర్చుకోవచ్చు.

అసలు ప్రశ్న భోజనాల మధ్యలో వస్తుంది. "పెళ్లయ్యాక ఎక్కడుంటారు?"

దాన్ని పరాయివాళ్లంటే అయిష్టమని అనుకోవడం తొందరపాటు. 1980 నుంచి 2015 దాకా సాగిన ఒకే బిడ్డ విధానం వల్ల, ముఖ్యంగా పట్టణాల్లో, చాలా ఇళ్లలో ఒక్కరే సంతానం. ఆ ఒక్క కూతురూ దేశం దాటితే ముసలితనంలో ఆసుపత్రికి తోడెవరన్నదే తల్లి భయం. అది న్యాయమైన భయం.

చట్టం మారుతోంది. 2025 మే 10 నుంచి చైనా పౌరులు వివాహ నమోదుకు కుటుంబ నమోదు పుస్తకం చూపనక్కర్లేదు. అది తరచూ తల్లిదండ్రుల దగ్గరే ఉండేది కనుక, పెళ్లి వద్దనుకున్నవాళ్లు దాన్ని దాచేసేవారు. ఇప్పుడు వాళ్లను ఒప్పించాల్సింది మాటలతోనే. ఈ సంచిక ముఖచిత్ర కథనం ఆ మాటల గురించే.