సంగీత సమ్మేళనం టేపుల గురించి ఆకాశవాణి విజయవాడ కేంద్రానికి బహిరంగ లేఖ

ఆకాశవాణి విజయవాడ కేంద్రం అధిపతి గారికి, ప్రసార భారతి భాండాగారం అధికారులకు ఆత్రేయపురం నుంచి,

1954లో ఆకాశవాణి ప్రారంభించిన వార్షిక సంగీత సమ్మేళనం ఈ దేశపు సంగీతోత్సవాల్లో ఒక ప్రత్యేకమైన పద్ధతిని నెలకొల్పింది. విద్వాంసుడు స్టూడియో గదిలో ఒంటరిగా పాడకుండా ఆహూతులైన శ్రోతల ఎదుట పాడటం, ఆ కచేరీని టేపు మీదికి ఎక్కించి తర్వాత దేశమంతటా ప్రసారం చేయడం అనే ఆ పద్ధతి వల్ల, సభా సంగీతానికి సహజమైన వేడి రేడియోలోకి వచ్చింది. ఈ సమ్మేళనాలకూ, త్యాగరాజ ఆరాధనోత్సవాల వంటి సందర్భాలకూ సంబంధించి తెలుగు విద్వాంసులు పాడిన, వాయించిన కచేరీల టేపులను శాస్త్రీయంగా పునరుద్ధరించి, కత్తిరింపులు లేకుండా శ్రోతలకు అందుబాటులో ఉంచవలసిందని కోరడం ఈ లేఖ ఉద్దేశం. ప్రసార భారతి తన భాండాగారంలోని కొన్ని కచేరీలను సీడీలుగానూ, తర్వాత ఇంటర్నెట్‌లోనూ విడుదల చేసిన సంగతి శ్రోతలకు తెలుసు. అందుకు వారు కృతజ్ఞులే. అయితే ఏది విడుదలైందో తెలిసినంతగా, ఏది లోపల మిగిలి ఉందో ఎవరికీ తెలియదు.

ఈ విన్నపం కోనసీమ నుంచి రావడానికి తగిన కారణం ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో పుట్టిన శంకరగుప్తం, వోలేటి వెంకటేశ్వర్లు 1928లో పుట్టిన రాజోలు, రెండూ ఈ డెల్టా లంకల మధ్యవే. ఆ ఇద్దరి గొంతులూ తెలుగువారి ఇళ్లలోకి ప్రధానంగా విజయవాడ కేంద్రం ద్వారానే చేరాయి. 1948 డిసెంబరు 1న ఆ కేంద్రం మొదలైనప్పటి నుంచి, ఆత్రేయపురం వంటి ఊళ్లలో వాడపల్లి వెంకన్న కల్యాణానికో, ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి ఉత్సవానికో వినిపించే నాదస్వరాన్ని మినహాయిస్తే, పూర్తి స్థాయి కర్ణాటక కచేరీ చాలామందికి రేడియో కచేరీయే. త్యాగరాజస్వామి నుంచి మానాంబుచావడి వెంకటసుబ్బయ్యకూ, ఆయన నుంచి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రికీ, ఆయన నుంచి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుకూ, పంతులుగారి నుంచి బాలమురళికీ వచ్చిన శిష్యపరంపర ఏమిటో పుస్తకాల్లో చదువుకోవచ్చు గాని, ఆ బాణీలో ఒక సంగతి ఎక్కడ వంగుతుందో వింటేనే తెలుస్తుంది. వోలేటి విషయంలో ఈ అవసరం మరీ ఎక్కువ. గ్రామఫోను కంపెనీల రికార్డుల మీద ఆయన సంగీతం మిగిలినది స్వల్పం కాబట్టి, ఆయన మనోధర్మం, అంటే ముందే కూర్చుకోని, అప్పటికప్పుడు పుట్టే ఆలాపనా స్వరకల్పనా, దాదాపుగా రేడియో టేపుల మీదా శ్రోతలు దాచుకున్న క్యాసెట్ల మీదా ఆధారపడి బతుకుతోంది.

టేపు అనేది ప్లాస్టిక్ పట్టీ మీద ఐరన్ ఆక్సైడ్ పొడిని ఒక జిగురుతో అంటించిన వస్తువు. తొలి రోజుల టేపుల్లో ఆ పట్టీ ఎసిటేట్‌తో చేసినది. అది కాలక్రమంలో రసాయనికంగా విడిపోతూ సిర్కా వాసన వేస్తుంది, కుంచించుకుపోతుంది, పెళుసెక్కి తెగుతుంది. తర్వాతి కాలపు పట్టీ పాలియెస్టర్‌ది కావడం వల్ల గట్టిదే గాని, 1970, 80 దశకాల్లో కొన్ని రకాల టేపులకు వాడిన జిగురు గాలిలోని తేమను పీల్చుకుని, వానాకాలంలో మూత తీసి ఉంచిన పూతరేకులాగా మెత్తబడి, యంత్రంలో తిప్పగానే హెడ్డుకు అంటుకుని పొడి రాల్చేస్తుంది. ఇటువంటి చుట్టను సుమారు 50 డిగ్రీల నియంత్రిత వేడిలో కొన్ని గంటలు ఉంచితే తేమ తాత్కాలికంగా పోయి, ఒకటి రెండుసార్లు తిప్పి నకలు తీసుకునేంత వ్యవధి దొరుకుతుంది. అదే చికిత్స ఎసిటేట్ టేపుకు చేస్తే అది చెడిపోతుంది. కాబట్టి ఏ చుట్ట ఏ రకానిదో చూసి వేరు చేయడం మొదటి పని. కృష్ణా తీరపు ఉక్కలో ఏళ్ల తరబడి ఉన్న టేపుల విషయంలో ఈ పని వాయిదా వేయదగినది కాదు.

తర్వాతది వేగం. సెకనుకు ఏడున్నర అంగుళాల చొప్పున తిరగవలసిన టేపు, రికార్డు చేసిన యంత్రం లోపం వల్లనో, వినిపిస్తున్న యంత్రం లోపం వల్లనో ఆరు శాతం వేగంగా తిరిగితే, ఒకటో శ్రుతిలో పాడిన గొంతు ఒకటిన్నర శ్రుతిలో పాడినట్టు వినిపిస్తుంది. పాశ్చాత్య వాద్యబృందానికి ఉన్నట్టు మన గాయకుడికి నిర్ణీతమైన ఆధార శ్రుతి లేదు, ఎవరి గొంతుకు వారి శ్రుతి. అందువల్ల ఈ తప్పును వినికిడితో పట్టుకోవడం కష్టం. దీనికి ఒక సాక్ష్యం మాత్రం టేపులోనే తరచు దొరుకుతుంది. రికార్డింగు సమయంలో కరెంటు తీగల నుంచి చొరబడిన సన్నని గుంయ్‌మనే మోత సెకనుకు 50 ఆవృత్తులకు దగ్గరగా ఉండాలి. అది 53 దగ్గర వినిపిస్తే టేపు పరుగెత్తుతున్నట్టు లెక్క. ఆనాటి కరెంటు సరిగ్గా 50 దగ్గరే నిలిచేది కాదు గనుక, ఆ విద్వాంసుడి ఇతర కచేరీలతోనూ, ఆయన శిష్యుల జ్ఞాపకంతోనూ సరిపోల్చి చూసుకోక తప్పదు. శుభ్రం చేసే పేరుతో ఆ మోతను ముందే చెరిపేసినవారు తమ చేతులతో తామే ఆధారాన్ని పోగొట్టినవారవుతారు.

శుభ్రం చేయడం అనే మాట దగ్గర కాస్త ఆగవలసి ఉంది, ఎందుకంటే పాత కచేరీలకు కాలం చేసిన అపకారంతో సమానమైన అపకారం ఈ పేరుతోనే జరుగుతోంది. రొద తగ్గించే సాఫ్ట్‌వేర్లు సాధారణంగా పని చేసే తీరు ఇది: పాట లేని చోట కొద్ది క్షణాల శబ్దాన్ని నమూనాగా తీసుకుని, దానిలో ఎడతెగకుండా ఉన్నదంతా రొద అని నిర్ణయించుకుని, కచేరీ పొడవునా దాన్ని తీసివేస్తాయి. కర్ణాటక కచేరీలో పాట లేని చోటంటూ ఉన్నా తంబురా లేని చోటు లేదు. ఆలాపనకు ముందు గాయకుడు గొంతు సవరించుకునే ఆ రెండు మూడు క్షణాలను నమూనాగా ఇస్తే, యంత్రం దృష్టిలో తంబురాయే రొద అవుతుంది. పంచమ షడ్జాల మోగుడు అంతా పోయి, గాయకుడు శూన్యంలో నిలబడి పాడుతున్నట్టు తయారవుతుంది. దానితో పాటే వయొలిన్ కమాను తీగను తాకే గరగర, మృదంగం మీద చాపు పడినప్పటి పదును మొద్దుబారుతాయి. ఇటీవల చలామణీ అవుతున్న కొన్ని ‘మెరుగుపరచిన’ పాత కచేరీలు వింటే నీటి అడుగు నుంచి వస్తున్నట్టు ఉండటానికి కారణం ఇదే. టిక్కుమనే చప్పుళ్లను ఒక్కొక్కటిగా తీయడం, పడిపోయిన స్థాయిని సరిచేయడం వంటి మితమైన చికిత్సకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. అయితే చేయి పెట్టని మూల ప్రతిని, అంటే టేపు నుంచి 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్థాయిలో నేరుగా తీసుకున్న ఫైలును, వేరుగా భద్రపరచి, శ్రోతలకు ఇచ్చే ప్రతిలో ఏమేమి చేశారో రాసి ఉంచడం ప్రపంచమంతటా శబ్ద భాండాగారాలు పాటిస్తున్న నియమం. స్విట్జర్లాండ్‌లో 1967లో మొదలైన మోంత్రో జాజ్ ఉత్సవపు రికార్డింగులను లోసాన్ సాంకేతిక విశ్వవిద్యాలయం డిజిటల్ రూపంలోకి మార్చింది, 2013లో యునెస్కో ఆ భాండాగారాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. చెన్నై మ్యూజిక్ అకాడమీలో పాత కచేరీలను అక్కడే కూర్చుని వినే ఏర్పాటు ఉంది. తెలుగు విద్వాంసుల టేపులకు ఈ రెండింటిలో ఏ తరహా గౌరవం దక్కినా సంతోషమే.

కచేరీని ముక్కలు చేయకుండా ఇవ్వడం కూడా పునరుద్ధరణలో భాగమే. ప్రసార సమయానికి సరిపెట్టడం కోసం ఒకప్పుడు తని ఆవర్తనాన్ని, అంటే పాట ఆగి మృదంగ ఘట వాద్యకారులు మాత్రమే వాయించే భాగాన్ని, కుదించవలసి వచ్చి ఉండవచ్చు. ఇంటర్నెట్‌కు ఆ నిర్బంధం లేదు. చప్పట్లు, సభలో ఎవరో అన్న ‘శభాష్’, గాయకుడు వయొలిన్ విద్వాంసుడికి మెల్లగా చెప్పిన రాగం పేరు, స్వరం తప్పి మళ్లీ అందుకున్న క్షణం, ఇవన్నీ ఉన్నప్పుడే అది సమ్మేళనపు రికార్డు. లేకపోతే స్టూడియో రికార్డుకూ దానికీ తేడా లేదు.

వీటన్నిటికన్నా ముందు జరగవలసినదీ, ఖర్చు అతి తక్కువైనదీ జాబితా. ప్రతి టేపు పెట్టె మీదా, దానిలోని క్యూషీటు మీదా ఉండే సంఖ్య, తేదీ, విద్వాంసుల పేర్లు, పాడిన కృతులు, రాగాలు, నిడివి యథాతథంగా ఎక్కించి ప్రకటిస్తే, శబ్దం ఒక్క నిమిషం కూడా విడుదల కాకముందే పరిశోధకులకూ శిష్యులకూ సగం మేలు జరుగుతుంది. కొత్త టేపుల కొరత ఉన్న రోజుల్లో పాత టేపుల మీదే మళ్లీ రికార్డు చేయడం ఎన్నో దేశాల రేడియోల్లో ఉన్న అలవాటే కాబట్టి, చెరిగిపోయినవేవో కూడా ఆ జాబితా నిర్మొహమాటంగా చెప్పాలి. పోయిన వాటికి ఎవరూ నేటి అధికారులను నిలదీయరు. హక్కుల మాట అడ్డంకిగా చెప్పడం కూడా పాత కచేరీల విషయంలో అంతగా పొసగదు. త్యాగరాజు 1847లో సిద్ధి పొందారు గనుక ఆయన కృతులు అందరివీ. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రసార సంస్థకు ఇచ్చిన పునఃప్రసార హక్కు గడువు 25 ఏళ్లు, ప్రదర్శకులకు తర్వాతి సవరణలు ఇచ్చిన హక్కు గడువు 50 ఏళ్లు. గడువు తీరని కచేరీలకు విద్వాంసుల వారసుల అనుమతి కోరి, వచ్చే రాబడిలో వారికి భాగం ఇవ్వడం న్యాయం.

చెరిగిపోయినవి సైతం పూర్తిగా పోయినట్టు కాకపోవచ్చు. రాత్రి కచేరీని రేడియో పక్కన టేప్‌రికార్డరు పెట్టి పట్టుకున్న శ్రోతలు గోదావరి జిల్లాల్లో చాలామంది ఉండేవారు. 90 నిమిషాల క్యాసెట్టు ఒక వైపు 45 నిమిషాలకు అయిపోయి, తిరగేసేలోగా నిరవల్‌లో, అంటే కృతిలోని ఒక పంక్తిని పలు రీతుల్లో పాడే చోట, నాలుగు తాళావర్తాలు జారిపోయిన ఆ క్యాసెట్లు సాంకేతికంగా నాసిరకమే గాని, కేంద్రంలో టేపు లేని కచేరీకి అవే మూలప్రతులు. వాటిని స్వీకరించి, నకలు తీసుకుని, ఇచ్చినవారికి భద్రంగా తిరిగి అప్పగించే ఏర్పాటు కేంద్రం చేయాలి. విజయవాడ దాకా రాలేని వృద్ధుల కోసం రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం వంటి చోట నెలకొక రోజు ఆ పని పెట్టుకోవచ్చు. పునరుద్ధరించిన కచేరీలను హెడ్‌ఫోన్లతో వినే రెండు బల్లలు కూడా అక్కడే వేస్తే, ఆత్రేయపురం విద్యార్థికి ధవళేశ్వరం ఆనకట్ట దాటితే సరిపోతుంది.

జాబితాలో తొలి భాగాన్ని, కనీసం 1954 నుంచి 1970 వరకు ఉన్న టేపుల వివరాలనైనా, రానున్న పుష్య బహుళ పంచమి నాటికి, అంటే త్యాగరాజ ఆరాధన దినానికి, ప్రకటించవలసిందిగా విన్నపం.

ఇట్లు,
ఆత్రేయపురం నుంచి ఒక ఆకాశవాణి శ్రోత