అలూర్ భాష: పలుకు, వ్రాత

ఆఫ్రికాలో ఆల్బర్ట్ సరస్సు చెంత, యుగాండా, కాంగో దేశముల సరిహద్దునకు ఇరువైపుల అలూర్ భాష వ్యవహారములో నున్నది. నైలోటిక్ కుటుంబమున లువో శాఖకు చెందిన ఈ భాషను రోమను లిపిలో వ్రాయుదురు. అచ్చులకు అక్షరములు 5 మాత్రమే. పలుకులోని అచ్చులు అంతకు మించినవి. స్వరపు హెచ్చుతగ్గులచే అర్థము మారును. వాడుక వ్రాతలో దానికి గుర్తు లేదు.

పెద్దలు సందర్భమునుబట్టి గ్రహింతురు. చదువ నేర్చు పిల్లలు తడబడుదురు. అట్లని ప్రతి అచ్చుపై గుర్తుంచిన వ్రాత బరువగును. అర్థము చెడు చోట్ల మాత్రమే గుర్తుంచి, తక్కినది ఉపాధ్యాయుని నోటికి విడుచుట మేలు. తెలుగున ‘చాప’, ‘చంద్రుడు’ అను మాటలలో చకార మొక్కటే, ఉచ్చారణలు రెండు. ఆ భేదమును మన పిల్లలు వినియే నేర్తురు. బడిలో బిగ్గరగా చదివించుట మానినచో, వ్రాతకెక్కని స్వరము క్రమముగా నోటినుండియు జారిపోవును.