బల్లకు పేరు

రిసెప్షను భోజనాల బల్లలకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయక, వేరే ముచ్చటైన గుర్తేదైనా పెట్టవచ్చునా అని మన పాఠక సోదరి ఒకరు అడిగినారు. కుమార్తె పెళ్లి హోసూరులో. వియ్యాలవారిది నెల్లూరు. మంటపంలో గుండ్రని బల్లలు ఇరవై, బల్లకు పది కుర్చీలు. ప్రశ్న చిన్నదే. కాని పెళ్లయిన తరువాత ఏళ్ల తరబడి నిలిచే మాటపట్టింపులు చాలావరకు భోజనాల దగ్గరే పుడతాయి గనుక, ఈ నెల దీని సంగతే చూద్దాము.

మన పెద్దల కాలంలో బల్లలే లేవు. పందిట్లో బారుగా ఆకులు వేసేవారు, బంతికి లేవండని పిలిచేవారు, వచ్చినవారు వచ్చినట్టు కూర్చునేవారు. తరువాత కల్యాణ మంటపాలు, వాటిలో పొడుగు బల్లలు వచ్చినవి. ముహూర్తం నాటి భోజనం నేటికీ అలాగే, కాగితం పరచి ఆకు వేసి జరుగుతున్నది. మనవైపు రిసెప్షను తరచు ముహూర్తానికి ముందు సాయంత్రమే గదా, ఈ గుండ్రని బల్లల వైభవమంతా ఆ పూటకే. ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చోవలెనో ముందే చీటీ రాసిపెట్టడం పాశ్చాత్య దేశాల వాడుక. అమెరికాలోని మనవాళ్లూ హోటలు హాళ్లలో చేసే పెళ్లిళ్లకు దాన్ని పాటిస్తున్నారు. ఇప్పుడది మన మంటపాలకూ వచ్చినది.

అంకె వేస్తే తప్పేమిటి? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని సామెత. కడబంతి అంటే తక్కువ అన్న భావం మనలో ఎంత పాతదో ఆ మాటే చెబుతున్నది. ఒకప్పుడు ఎవరి బంతిలో ఎవరు కూర్చోవచ్చునో కులాన్ని బట్టి లెక్క ఉండేది. సహపంక్తి భోజనాలు పెట్టి ఆ లెక్కను చెరపడానికి ఎందరో శ్రమపడినారు. దాన్ని అంకెల రూపంలో మనమే మళ్లీ ఇంటికి తెచ్చుకోరాదు.

ఒక పెళ్లిలో చూచినాను. పెళ్లికూతురిని చిన్ననాట ఎత్తి పెంచిన మేనత్తగారికి పందొమ్మిదో బల్ల వచ్చినది. నిజానికి అది వేదికకు ఆనుకొని ఉన్న బల్ల. అంకెలను వాకిలి దగ్గరినుంచి మొదలుపెట్టినందున దానికి ఆ నంబరు పడినది. ఆమె అదంతా చూడలేదు. అంకె చూచింది. మాటాడక భోంచేసి, తాంబూలం తీసుకోకుండానే వెళ్లిపోయింది. ఆఫీసులో కాగితానికి నంబరు వేయనిదే పని జరుగదు, ఆ పని నేను రోజూ చేసేవాడినే. అన్నానికి పిలిచిన మనిషికి మాత్రం నంబరు వద్దు.

ఇక పేర్ల మాట. మన జిల్లాలో మొదట తోచేవి మామిడిపండ్లు. బంగినపల్లి, తోతాపురి, మల్గోవా, నీలం, సేందూర, రుమాని, ఇమాం పసందు, అల్ఫోన్సో. ఒక్కొక్క బల్లకు ఒక్కొక్క పేరు. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు దొరికినది. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే పండు, మన రైతుకు డబ్బు తెచ్చే పండు, కాబట్టి ఇక్కడ ఎవరూ చిన్నబుచ్చుకోరు. వేసవి పెళ్లయితే ఆ పండునే బల్లమీద పెడితే అక్షరం రానివారికి కూడా గుర్తుంటుంది. ‘నాటు’ అన్న పేరు మాత్రం ఏ బల్లకూ పెట్టకండి!

ఈ సోదరికి అంతకంటె చక్కనిది మరొకటి ఉన్నది. నెల్లూరి మీదుగా సముద్రానికి పోయే పెన్న ఉత్తర పినాకిని. మన కెలవరపల్లి, కృష్ణగిరి ఆనకట్టలను నింపే ఏరు దక్షిణ పినాకిని. రెండూ నంది కొండల వైపున పుట్టినవే. కాబట్టి వేదికకు నంది కొండ అని పేరు పెట్టి, సగం బల్లలకు పామిడి, తాడిపత్రి, గండికోట, సిద్ధవటం, సోమశిల, నెల్లూరు అనిన్నీ, తక్కిన సగానికి కెలవరపల్లి, కృష్ణగిరి, కావేరిపట్టణం, సాత్తనూరు, తిరుక్కోయిలూరు, కడలూరు అనిన్నీ పెట్టవచ్చును. వెతికితే ఇంకా ఊళ్లు దొరుకుతాయి. అయితే నెల్లూరివారందరినీ ఆ ఒడ్డున, మనవాళ్లందరినీ ఈ ఒడ్డున కూర్చోబెట్టక, ప్రతి బల్ల దగ్గర ఇరువైపులవారినీ కలపండి. లేకుంటే నదుల పేర్లు పెట్టిన ప్రయోజనం లేదు.

దేవుళ్ల పేర్లు వద్దు. ఎంగిలి పడే చోట ఆ చీటీ ఉండరాదు. రాజకీయ నాయకుల పేర్లు అసలే వద్దు.

పేరు ఏ లిపిలో రాయాలన్నది మరొక ప్రశ్న. 2006 నాటి తమిళ విద్యా చట్టంతో మన రాష్ట్రంలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి పాఠమైనది. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలే నేడు పెళ్లికూతుళ్లు, పెళ్లికొడుకులు. తమిళం రావడం మంచిదే, ఈ నేలమీద అది మనకు కావలసిన విద్య. కాని ఇంట్లో తెలుగు ధారాళంగా మాటాడుతూ, తమ శుభలేఖను తామే చదువుకోలేని పిల్లలు ఎందరో తయారైనారు. తాతకు తెలుగు అక్షరమే చదువ వీలు, మనుమనికి తమిళమో ఇంగ్లీషో వీలు. అందువలన చీటీమీద పైన పెద్దగా తెలుగులో, కింద తమిళంలో రాయించండి. ప్రెస్సుకు ఇవ్వకుండా ఇంట్లో పిల్లలచేతనే రాయిస్తే మరీ మంచిది. వంకరగా వచ్చినా సరే. గండికోట అని నాలుగక్షరాలు నాలుగుసార్లు దిద్దిన పిల్లవాడు వాటిని మరచిపోడు.

తక్కిన జాగ్రత్తలు కొద్దిపాటివి. వాకిలి దగ్గర ఇంటిపేర్ల వరుసలో పట్టిక పెట్టండి. చీటీ ఎదుటివారి ముఖం కనబడనంత ఎత్తుగా ఉండరాదు. వయసు మళ్లినవారిని చేతులు కడిగే చోటికి దగ్గరగా, బాజాకు దూరంగా కూర్చోబెట్టండి. రెండు బల్లలు పేరుతో సహా ఖాళీగా ఉంచండి; పిలుపు అందకపోయినా అభిమానంతో వచ్చేవారు ఉంటారు. అన్నింటికంటె ముఖ్యం, చీటీని నమ్ముకొని యజమాని తాను కనబడక పోరాదు. ‘అత్తా, రా, నీ చోటు ఇది’ అని చేయి పట్టి తీసుకువెళ్లే మనిషి ఒకరు ఉండవలె.

మీ ఇళ్ల శుభకార్యాలలో బల్లలకు ఏ పేర్లు పెట్టినారో రాసి పంపండి. బాగున్నవి వచ్చే నెల ఇక్కడ చెప్పుకొందాము.